అక్క గదికి కావలసినంత వెలుతురు

ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు పైకప్పు మీదికి పోతుంది. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే. కిటికీలోంచి వచ్చిన ఎండ నేల మీద పడి, అక్కడినుంచి లేచి కప్పుకు తగులుతుంది కదా, అది ఎంత దూరం పాకిందో, ఏ మూలకు చేరేసరికి ఓపిక అయిపోయి ఆగిందో చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోతాను. "ఏంటండీ, బూజేమన్నా కనపడిందా?" అని ఇంటావిడ కంగారు పడుతుంది. బూజు కాదండి, వెలుతురు చూస్తున్నాను అంటే ఇంకా కంగారు పడుతుంది. కుర్చీ వేసి కూర్చోమంటే నాకు కుదురుండదు. కాసేపటికే లేచి ఇంకో గదిలోకి తొంగి చూస్తాను. మర్యాద తెలియని మనిషి అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ.

తెనాలిలో ఒక జిరాక్సు షాపు మీది గదిలో కూర్చుని నేను చేసే పని ఇంకా కట్టని ఇళ్ళకు లోపలి బొమ్మలు తయారుచెయ్యడం. ప్లాను ఇస్తే కంప్యూటర్లో గోడలు లేపి, గచ్చు పరిచి, సోఫాలు, కర్టెన్లు పెట్టి, ఫొటో తీసినట్టు చూపిస్తాను. సోఫాలు ఎవరైనా పెట్టగలరు, రెడీమేడ్‌గా దొరుకుతాయి. బొమ్మను ఫొటోలా చేసేది వెలుతురు ఒక్కటే. తెల్ల గోడ ఎక్కడా పూర్తి తెల్లగా ఉండదు. ఎర్ర గచ్చు పక్కన ఉంటే అడుగున కాస్త ఎర్రబారుతుంది, ఎదురింటివాళ్ళు చిలకపచ్చ రంగు వేయించుకుంటే ఆ పచ్చదనం మన హాలు కప్పు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ లెక్క చూసుకుని, సూర్యుణ్ణి ఏ దిక్కున పెట్టాలో అక్కడ పెట్టి, కంప్యూటరు బొమ్మ గీయడం మొదలుపెడితే తెర మీద ఇసక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వచ్చి, నెమ్మదిగా తేరుకుంటుంది. ఆ తేరుకునేలోగా నేను మెట్లు దిగి టీ తాగి, మళ్ళీ ఎక్కి, చూసి, తిట్టుకుని, మళ్ళీ దిగుతాను. జిరాక్సు షాపాయన ఇదివరకు నవ్వేవాడు, ఇప్పుడు తల కూడా ఎత్తడు.

ఇంత చేసి చూపిస్తే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "ఈ మూల నల్లగా ఉందేంటండి?" మూల కాబట్టండి అంటాను. "తీసెయ్యండి" అంటారు. నీడలు తీసెయ్యాలి, మంచం కింద చీకటి తీసెయ్యాలి, మధ్యాహ్నం బొమ్మలో కూడా ఇంట్లో ఉన్న లైట్లన్నీ వెలగాలి. పగలు కదండీ అంటే, "లైట్లు పెట్టించేది వెయ్యడానికే కదా" అంటారు. ఒళ్ళు మండిపోతుంది. అయినా వేస్తాను, పొట్ట ఉంది కదా. కానీ లోపల ఏదో గునుస్తూనే ఉంటుంది. ఒక్క ఇల్లయినా, ఒకే ఒక్క ఇల్లు, ఉన్నది ఉన్నట్టు చేసి చూపించాలని.

ఆ అవకాశం మా బావ ఇచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. రేపల్లెలో ఎరువుల కొట్టు. అద్దె ఇంట్లో ఉండి ఉండి, సొంత స్థలంలో ఇల్లు మొదలుపెట్టాడు. ఆయనకు ప్లాను కాగితం తలకెక్కదు, బొమ్మ చూస్తే గానీ నమ్మడు. "నువ్వు బొమ్మ ఫైనల్ చెయ్యి బావా, మేస్త్రీకి అదే పంపిస్తాను. బొమ్మలో ఎట్టా ఉంటే అట్టా కట్టిస్తాను" అన్నాడు. ఇలాంటి మాట ఏ కస్టమరూ నాతో అనలేదు. ఉన్నది ఉన్నట్టే చేస్తాను బావా, తర్వాత గొణగకూడదు అన్నాను. నీ ఇష్టం అన్నాడు.

రేపల్లె వెళ్ళి స్థలంలో నిలబడ్డాను. మామూలుగా బొమ్మల్లో వెలుతురు కోసం నేను వాడే ఆకాశాలు ఎక్కడో చలిదేశాల్లో ఫొటోలు తీసినవి. ఆ వెలుతురు మెత్తగా, మర్యాదగా ఉంటుంది. మనది అట్లా ఉండదు. సముద్రం దగ్గర కావడం వల్ల ఆకాశం నీలంగా కాకుండా తెల్లగా పాలిపోయి ఉంటుంది, ఎటు చూసినా కళ్ళు చికిలించాల్సిందే. పునాదుల మధ్య ఇటుకల కుప్పెక్కి నాలుగు వైపులా ఆ ఆకాశాన్నే ఫొటోలు తీసుకున్నాను. పక్కవాళ్ళ రేకుల షెడ్డు ఎంత మెరుస్తోందో అది కూడా తీసుకున్నాను. తెనాలి ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని వేమూరు దాటేదాకా ఆ ఫొటోలే తిరగేశాను.

హాలు వెనక పడమటి వైపు ఒక చిన్న గది ఉంది ఆ ప్లానులో. దాన్నేం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు. బావ మాత్రం, "ఆ పడమటి గోడ తీసేసి మొత్తం గాజు పెట్టేద్దాం, ధగధగలాడిపోవాలి" అన్నాడు. సరే అని గాజు పెట్టి, సూర్యుణ్ణి మధ్యాహ్నం మూడింటి దగ్గర నిలబెట్టాను. రేకుల షెడ్డు మీద పడిన ఎండ ఎగిరి గాజులోంచి లోపలికి దూకి, పాలరాతి గచ్చు మీద పడి, గది గదంతా తెల్లగా భగ్గుమంది. నా చేత్తో నేను చేసినవాటిలో అంత నిజమైన ఎండ అంతకుముందు లేదు. చూసి నేనే మురిసిపోయాను.

బొమ్మలన్నీ తీసుకుని రేపల్లె వెళ్ళాను. అద్దె ఇంటి ముందు గదిలో పెన్‌డ్రైవు టీవీకి తగిలించి చూపించడం మొదలుపెట్టాను. బావ, వాళ్ళమ్మ గారు సోఫాలో, అక్క కింద చాప మీద. వాళ్ళమ్మ గారిని నేను అత్తయ్యగారూ అంటాను. పెద్దావిడ, చర్చిలో స్త్రీల సమాజానికి ముందు నిలబడే మనిషి, గొంతు గట్టిది, మనసు మంచిది. హాలు చూసి "దేవుడికి స్తోత్రం" అంది. వంటగది చూసి "స్టవ్వు ఇటు తిప్పాలి బాబూ" అంది. తర్వాత ఆ చిన్న గది వేశాను.

అక్క చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది. పమిట కొంగు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. టీవీలో బొమ్మను చూసి, అచ్చం ఎండలోకి వచ్చిన మనిషి చేసినట్టు చేసింది. బావ, "చూశారా, కళ్ళు జిగేల్మంటున్నాయి, అదీ పనితనం అంటే" అని నా వీపు తట్టాడు. అత్తయ్యగారు, "చీకటన్నది ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదు నాయనా, వెలుగున్న చోటే దేవుడుంటాడు" అంది. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా మెడలో పూలదండ వేసి చెంప మీద కొట్టినట్టయింది.

మా అక్కకు తలనొప్పి చిన్నప్పటినుంచీ ఉంది. అందరికీ వచ్చే తలనొప్పి కాదు. ఒక పక్కంతా గునపం దించినట్టు ఉంటుందట, వెలుతురు తగిలితే వాంతి అవుతుంది. డాక్టరు మాత్రలు ఇచ్చాడు, ఎండ తగలకుండా చీకట్లో పడుకోమన్నాడు. అక్క ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఎండన పడి ఇంటికి వచ్చేసరికి చాలా రోజులు తల పగిలిపోతూ ఉంటుంది. ఆ అద్దె ఇంట్లో బియ్యం బస్తాలు పెట్టుకునే గది ఒకటుంది, కిటికీ లేదు. అందులో బస్తాల పక్కన చాప వేసుకుని పడుకుంటుంది. తలనొప్పి ఎవరికుండదమ్మా అన్నదే ఆ ఇంట్లో అందరి ధోరణి. చెడ్డవాళ్ళు కాదు, పట్టించుకోరు, అంతే.

నేను బయల్దేరుతుంటే అక్క గేటు దాకా వచ్చింది, కొంగు ఇంకా నుదుటి మీదే ఉంది.

"అంత బాగా ఎందుకు చేశావురా?" అంది.

"బాగుందా?"

"కళ్ళలో పొడిచినట్టుంది." గేటు గడియ తీసి మళ్ళీ వేసింది. "ఇక్కడ బియ్యం గది ఉంది, బతికిపోతున్నాను. ఆ గాజు ఇంట్లో నేనెక్కడ పడుకోవాలిరా? స్కూలు మానేసినా సరే, ఇంట్లో అయినా కళ్ళు మూసుకోవడానికి చోటుండాలిగా. ఆ చిన్న గది నాకు ఉండనియ్యి. గాజు వద్దు, గోడే ఉండాలి. నీ బొమ్మ చూసేగా కట్టేది."

"బావతో నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడితే పోట్లాట అవుతుంది. బొమ్మ వెయ్యి చాలు."

అన్నది నిజమే, నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. తెనాలి వచ్చేదాకా రైల్లో తలుపు దగ్గరే నిలబడ్డాను. భట్టిప్రోలు దగ్గర ఎవరో, "లోపల ఖాళీ ఉందిగా బాబాయ్, కూర్చోవచ్చుగా" అన్నారు. కూర్చోలేనండి అన్నాను. ఇన్నేళ్ళు ఏ గదికి ఎంత వెలుతురు పెట్టాలా అని తన్నుకున్నవాణ్ణి, ఒక గదికి ఎంత తియ్యాలా అని ఎప్పుడూ ఆలోచించలేదు.

చీకటి చెయ్యడం తేలికే అనుకున్నాను. గాజు తీసేసి గోడ కట్టి, పైన చిన్న కిటికీ పెట్టి, సూర్యుణ్ణి తగ్గించాను. దరిద్రంగా వచ్చింది. గది చీకటిగా లేదు, మురికిగా ఉంది. మసిగుడ్డతో తుడిచినట్టు అంతా ఒకే బూడిదరంగు. ఇంకాస్త తగ్గిస్తే ఏమీ కనపడలేదు, కాస్త పెంచితే మళ్ళీ గోడ మెరిసింది. చేసి, చెరిపి, చేసి, చివరికి విసుగెత్తి ఒకటి పంపించాను. అక్క ఫోన్లో కాకుండా బావ ఫోన్లోనే చూశారట అందరూ. స్పీకరు పెట్టి మాట్లాడారు.

"ఇదేంటి బాబూ, కరెంటు పోయినట్టుంది?" అంది అత్తయ్యగారు.

"బావా, ఇది ఇంకా అవలేదనుకుంటా. పూర్తయ్యాక పంపించు, తొందరేం లేదు" అన్నాడు బావ.

అయిందయ్యా, అదే గది అని అరవబోయాను. అక్క వాళ్ళ వెనకనుంచి, "ఇంకా అవలేదండి, చేస్తున్నాడు" అంది. ఫోను పెట్టేశాక కుర్చీని ఒక్క తన్ను తన్నాను. బొటనవేలు వాచింది.

మరుసటి రోజు పొద్దున్నే బాపట్ల రైలెక్కాను. మేం పెరిగింది అక్కడే. ఎందుకు వెళుతున్నానో నాకే సరిగ్గా తెలియదు, కంప్యూటరు ముందు ఉండలేక వెళ్ళాను. నిడుబ్రోలు దాటాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆదివారం చర్చిలో ఉండగా అక్కకు తలనొప్పి వస్తే, సున్నం గోడల మీద ఎండ చూడలేక ఏడ్చేది. అమ్మ తనను పక్కగదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టేది. అది పాస్టరు అయ్యగారు తెల్ల అంగీ వేసుకోవడానికి వాడే గది. ఆరాధన అయిపోయేసరికి అక్క లేచి, మామూలుగా నవ్వుతూ వచ్చేది.

పాత చర్చి అట్లాగే ఉంది. గంట కొట్టే తాత నన్ను ఆనవాలు పట్టలేదు, మా నాన్న పేరు చెబితే పట్టాడు. ఆ పక్కగదిలో కాసేపు కూర్చుంటానండి అంటే, "ప్రార్థన చేసుకుంటావా బాబూ, చేసుకో" అని తలుపు తీసి వెళ్ళిపోయాడు.

లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడలేదు. చాప అంచు కాలికి తగిలితే దాని మీదే కూర్చున్నాను. ఒక్క క్షణం కూర్చోలేనివాణ్ణి, కదిలితే దేనికి తగులుతానో తెలియక కదల్లేదు. కాసేపటికి కొక్కేనికి వేలాడుతున్న అంగీ అంచు తెలిసింది. తర్వాత మూలనున్న కూజా మూతి. తర్వాత తలుపు కింద సందులోంచి వచ్చిన సన్నటి వెలుగు నేల మీద కాస్త దూరం వచ్చి, అక్కడినుంచి గోడ ఎక్కడం. పైనున్న చిన్న కిటికీకి గోడ మూరెడు మందం ఉండటంతో ఎండ నేరుగా లోపలికి రావడం లేదు. ఆ మందంలోనే నాలుగుసార్లు తగిలి, మెత్తబడి దిగుతోంది. ఎక్కడా ఒక్క మెరుపు లేదు. అయినా అన్నీ కనపడుతున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, కన్ను ఆగినకొద్దీ.

అప్పుడు అర్థమైంది నేను ఎక్కడ తప్పానో. నేను గదిని చీకటి చేశాను గానీ కంటికి టైము ఇవ్వలేదు. ఎండలోంచి ఇప్పుడే వచ్చిన మనిషికి కనిపించే గదిని గీశాను. అక్కకు కావలసింది అందులో గంట పడుకున్న మనిషికి కనిపించే గది. ఎండ తగ్గించడం కాదు, ఎండను బయటే ఉంచి, లోపలికి వచ్చిన కొంచెం వెలుతురును కన్ను అలవాటు పడినంత తెరిచి చూపించాలి. నున్నటి పెయింటు తీసేసి గరుకు సున్నం పెట్టాలి. పాలరాయి కాదు, నల్లటి కడప రాయి పరవాలి. నాకు అక్కడే గట్టిగా కేక వెయ్యాలనిపించింది. చర్చి కదా అని ఊరుకున్నాను.

తెనాలి వచ్చి వారమంతా ఆ ఒక్క గదే చేశాను. ఏ సామానూ పెట్టలేదు. నేల మీద ఒక చాప, గోడకు ఒక పేము కుర్చీ, మూలన మంచినీళ్ళ కూజా. కిటికీ గోడను మందంగా కట్టాను. బొమ్మ తేరుకుంటున్నప్పుడు మాత్రం మెట్లు దిగలేదు, దాని ముందే నిలబడ్డాను. చాప ముందు వచ్చింది, తర్వాత కూజా. ఇది బాగుందా అని ఎవరినీ అడగాలనిపించలేదు.

ఈసారి నేనే తీసుకుని వెళ్ళాను. టీవీలో వేసి, ఇంక వాదించడానికి రెడీగా నిలబడ్డాను. నోట్లో మాటలన్నీ వరస పెట్టుకున్నాను. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రిమోటు తిప్పుతున్నాను.

"ప్రార్థన గది," అంది చివరికి, మెల్లగా. "చూస్తుంటే మోకాళ్ళూనాలనిపిస్తోంది నాయనా. మన ఇంట్లో ప్రార్థన గది ఉండాలని నాకెప్పుడూ తట్టనే లేదు. ఎట్టా తట్టింది నీకు?"

నేను నోరు తెరిచాను. అది ప్రార్థన గది కాదండి అనబోయాను. చాప మీదినుంచి అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర ఏదన్నా వాగేస్తానేమోనని చూసిన చూపు. నోరు మూసుకున్నాను.

"గాజు పెట్టిద్దామనుకున్నానే" అన్నాడు బావ.

"ప్రార్థన గదికి గాజేంట్రా, పక్కవాళ్ళందరికీ కనపడుతూ? ఇదే ఉండాలి. ఈ గోడ ఇంతే మందం, ఈ కిటికీ ఇంతే. మేస్త్రీకి పంపించు" అంది వాళ్ళమ్మ. అయిపోయింది. వారాల తరబడి పోట్లాడినా గెలవలేననుకున్నది ఒక్క మాటతో అయిపోయింది.

గేటు దగ్గర అక్కతో, ఇదేంటే, నిజం చెప్పొచ్చుగా అన్నాను. "గది వచ్చిందా లేదా?" అంది. నవ్వుతోంది. పెళ్ళయ్యాక అక్క అట్లా నవ్వడం నేను చూడలేదు. నాకు మాత్రం సంతోషంలో సగం, కుతకుతలో సగం. నొప్పి అంటే దొరకని గోడ, దేవుడనగానే లేచి నిలబడింది. పోనీలే, గోడైతే వస్తోంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు లేచింది. బావ మాట మీద నిలబడ్డాడు, బొమ్మలో ఎట్లా ఉందో అట్లాగే కట్టించాడు. ఆ చిన్న గదికి సున్నం పూశాక ఒకసారి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చున్నాను. వెలుతురు నేను అనుకున్న చోటికే వచ్చి ఆగింది. ఇన్నేళ్ళలో నా బొమ్మ, నిజం గది ఒకటి కావడం అదే మొదటిసారి. అక్క అప్పుడే అక్కడ చాప తెచ్చి పెట్టుకుంది. స్కూలు నుంచి నేరుగా వచ్చి, మేస్త్రీలు పక్క గదుల్లో పని చేస్తున్నా, ఆ చాప మీద పడుకునేదట.

గృహప్రతిష్ఠ దగ్గర పడ్డాక, లైట్లు ఎలా వచ్చాయో చూసిపొమ్మని బావ పిలిచాడు. మధ్యాహ్నం వెళ్ళాను. హాల్లో సిమెంటు బస్తాలు, రంగు డబ్బాలు. చిన్న గదిలోంచి అత్తయ్యగారి గొంతు వినపడుతోంది. వెళ్ళి చూస్తే ఎలక్ట్రీషియను నిచ్చెన మీద ఉన్నాడు, చేతిలో పొడుగాటి ట్యూబులైటు. గోడల మీద అప్పటికే గీతలు గీసి ఉన్నాయి, నాలుగు వైపులా. బావ కింద నిలబడి వైరు అందిస్తున్నాడు. అక్క అప్పుడే స్కూలు నుంచి వచ్చినట్టుంది, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. మొహం చూడగానే తెలిసింది, తలనొప్పి వచ్చేసింది.

"వందనాలు బాబూ, రా," అంది అత్తయ్యగారు సంతోషంగా. "బుధవారం స్త్రీల కూడిక ఇక ఇక్కడే. అయ్యగారికి కూడా చెప్పేశాను. పెద్దవాళ్ళొస్తారు, పాటల పుస్తకం కనపడొద్దూ? అందుకే నాలుగు గోడలకీ పెట్టిస్తున్నా. పడమటి కిటికీ కూడా కాస్త పెద్దది చేయిస్తే గాలాడుద్ది."

అత్తయ్యగారూ అని గట్టిగానే మొదలుపెట్టాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో చేత్తో సంచీ కింద పెట్టింది.

"అత్తయ్యగారూ, ఇది ప్రార్థన గది కాదండి" అంది.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా ఎలక్ట్రీషియను ఆగిపోయాడు.

"తమ్ముడు ఇది నా కోసం వేశాడండి. నేనడిగితే వేశాడు. తలనొప్పి వచ్చినప్పుడు పడుకోవడానికి. మీరు ప్రార్థన గది అన్నారు, నేను కాదనలేదు. గది వస్తే చాలనుకున్నాను. కూడిక హాల్లో పెట్టుకోండి, నేను అందరికీ టీలు పెడతాను, పాటలు పాడతాను. ఈ గది నాకు కావాలండి."

అత్తయ్యగారు చాలాసేపు అక్క వైపే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మొహం చిన్నబోయింది.

"తలనొప్పి ఇంతగా ఉంటుందా అమ్మా?" అంది. "ఇన్నేళ్ళు ఒక్క మాట చెప్పలేదేంటి మరి నాకు?"

"చెప్పానండి. వచ్చినప్పుడల్లా చెప్పాను." అక్క గోడకు ఆనుకుంది. కళ్ళు మూసుకునే మాట్లాడుతోంది. "చెప్పినప్పుడల్లా మీరు పాపం వచ్చి, ఏంటమ్మా చీకట్లో పడుకున్నావు, ఎక్కడ నొప్పి అని లైటు వేసి చూసేవారు."

ఎలక్ట్రీషియను ఒకసారి అత్తయ్యగారి వంక, ఒకసారి బావ వంక చూసి, "బిగించమంటారాండి?" అన్నాడు.

"దిగు బాబూ" అంది అత్తయ్యగారు. అతను దిగాక తనే నిచ్చెన ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ దాన్ని బయటికి తెచ్చారు. అక్క లోపలే చాప మీద కూర్చుండిపోయింది. అత్తయ్యగారు మళ్ళీ వెనక్కి వెళ్ళి ఏదో అడగబోయింది, అడగలేదు. కొత్త తలుపు, బిగుతుగా ఉంది, చప్పుడవుతుందని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా మూసింది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది.

హాల్లో నేను, బావ మిగిలాం. నేను పెట్టిన కిటికీలోంచి ఎండ నిండా పడుతోంది. నాకిప్పుడు బావను తిట్టాలని లేదు, ఓదార్చాలనీ లేదు. అటూ ఇటూ తిరుగుతున్నాను. బావ చేతిలో వైరు చుట్ట ఇంకా అట్లాగే ఉంది.

"బాగా నొప్పిగా ఉంటుందా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నన్నడుగుతున్నాడు.

"అక్కనే అడుగు బావా" అన్నాను.

వైరు కింద పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించేసి, తలుపు పక్కనున్న సిమెంటు బస్తా మీద కూర్చుని, అక్క లేచేదాకా అక్కడే ఉన్నాడు.